మలుపులో కాలెత్తకు

కళ్ళద్దాల షాపాయనకు నలభై నాలుగో ఏట కారు పిచ్చి పట్టుకుంది. అప్పటిదాకా ఆయన బస్సుల్లోనే తిరిగాడు. ఆయన భార్య సిటీ బస్సు డ్రైవరు. పెళ్ళికి ముందు మూడేళ్ళపాటు ఆమె నడిపే బస్సులోనే, డ్రైవరు పక్కనుండే సీటులోనే కూర్చుని షాపుకు వెళ్ళేవాడు. షాపు ముందు స్టాపు వచ్చినా దిగకుండా చివరిదాకా వెళ్ళి, అదే బస్సులో వెనక్కి వచ్చేవాడని ఆమె అందరికీ చెప్పి నవ్వేది. ఆయన మాత్రం, "నిద్రపట్టేసేది, ఏం చెయ్యను" అని బుకాయించేవాడు.

ఆయనకు కారు పిచ్చి అంటించింది ఆమె తమ్ముడు. అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇంట్లో కూడా లేరు, అందరికీ నిదానం. పాత స్పోర్ట్స్ కార్ల ఇంజన్లు విప్పి, బాగుచేసి, మళ్ళీ కట్టడం అతని పని. మూతపడిన ఒక బ్రెడ్డు బట్టీని షెడ్డుగా మార్చుకున్నాడు. పొయ్యి తీసేసినా పొగగొట్టం అలాగే ఉంచాడు. ఇంజన్ స్టార్టు చేసినప్పుడు పొగ అందులోంచే బయటికి పోయేది. "వీడి చేతిలో కారు పెడితే మన పిల్లాడికి మీసాలొస్తాయి గాని కారు బయటికి రాదు" అని వచ్చినవాళ్ళు మూలిగేవారు. ఒకసారి బయటికొచ్చిన కారు మాత్రం పదేళ్ళదాకా మళ్ళీ ఆ గడప తొక్కదని కూడా వాళ్ళే ఒప్పుకునేవారు.

పన్నెండేళ్ళుగా టార్పాలిన్ కింద పడి ఉన్న రెండు సీట్ల కారును ఎవరో ముసలాయన వదిలించుకోవాలనుకుంటున్నాడని తెలిసి, నిదానం బావను వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఇంజన్ బిగుసుకుపోయి ఉంది. సీట్ల స్పాంజిలో ఎలుకలు కాపురం పెట్టాయి.

"ఇది కారా, ఎలుకల హాస్టలా?" అన్నాడు బావ. అన్నాడే గాని, వచ్చేటప్పుడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మూడోసారి చూసేసరికి నిదానం నవ్వాడు.

రెండేళ్ళ ఆదివారాలు ఆ కారుకే పోయాయి. అది టర్బో లేని ఇంజన్. టర్బో అంటే ఇంజన్ వదిలే పొగ విసురుకు తిరిగే చిన్న పంకా. అది గాలిని ఒత్తి ఒత్తి లోపలికి కూరుతుంది. ఈ ఇంజన్‌కు అలా కూరేవాళ్ళెవరూ లేరు. పిస్టన్ కిందికి దిగినప్పుడు ఎంత పీల్చుకుంటే అంతే. బలం కావాలంటే ఇంకా వేగంగా తిరగాలి, ఇంకా వేగంగా పీల్చాలి. అందుకని గాలి పోయే దారి ప్రతిదీ నున్నగా ఉండాలి. ఆ నునుపు పట్టింది బావే. పాతికేళ్ళుగా అద్దాలు అరగదీసిన వేళ్ళు ఆయనవి, వెంట్రుకవాసి తేడా వాటికి తెలిసిపోయేది. గరుకు కాగితం వేలికి చుట్టుకుని, ఒక్కో దారిలో వేలు పెట్టి, కళ్ళు మూసుకుని గంటలకొద్దీ రుద్దేవాడు. నిదానం వచ్చి చూసి, "నన్ను నిదానం అంటారు గాని, నువ్వు నాకు పెద్దన్నవి బావా" అనేవాడు.

ఇంజన్ మొదటిసారి స్టార్టయిన రోజు అక్క కూడా షెడ్డుకు వచ్చింది. నిమిషానికి ఐదు వేల చుట్లదాకా అది మామూలు కారులాగే ఉంది. ఆరు వేలు దాటాక గొంతు మారింది. ఎనిమిదిన్నర వేల దగ్గర పైకప్పు రేకులు వణికాయి. అక్క చెవులు మూసుకుని, "ఇదేం గోలరా! నా బస్సు ఎంత పెద్దమనిషి తరహాగా ఉంటుందో తెలుసా?" అంది. బావ పక్కకు తిరిగి, జేబురుమాలుతో కళ్ళజోడు తుడుచుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

ఆ తర్వాత ఆయనకు నడపడం నేర్పించడం ఒక పెద్ద పని. ఊరి బయట, విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే ఒకటి ఉంది. కార్లంటే ఇష్టమున్నవాళ్ళు నెలకోసారి అక్కడ చేరి, ప్లాస్టిక్ కోన్లు పెట్టుకుని నడిపేవారు. బావ మొదటి ఏడాదంతా బొంగరంలా తిరిగాడు. వేగంగా మలుపులోకి వెళ్ళడం, భయంతో యాక్సిలరేటరు మీంచి కాలు పైకెత్తడం, కారు గిర్రున తిరిగి గడ్డిలో పడడం.

పక్కసీట్లో కూర్చున్న నిదానం ఓపిగ్గా చెప్పేవాడు. "వేగం తగ్గించుకోవడమంతా మలుపు ముందే అయిపోవాలి. లోపలికి దిగాక మాత్రం కాలెత్తకు. కాలెత్తావా, బరువంతా ముందుకి పోయి వెనక చక్రాలు తేలిపోతాయి. కొద్దికొద్దిగా నొక్కుతూ పో. నువ్వెంత నొక్కితే అంతే ఇస్తుందిది. ఎక్కువివ్వదు, తక్కువివ్వదు. దాన్ని నమ్ము."

"నీకేం, చెప్తావు. నా గుండె గొంతులోకొస్తోంది."

"గుండె ఎక్కడికైనా రానీ, కాలు మాత్రం ఎత్తకు."

మూడేళ్ళు పట్టింది. ఒకరోజు ఆయన పొడుగాటి మలుపునొకదాన్ని ఒకే ఊపులో, ఎక్కడా తడబడకుండా తీసుకున్నాడు. బయటికొచ్చాక నిదానం ఆయన మోకాలిమీద ఒక్క చరుపు చరిచాడు. ఆ తర్వాత మరో నాలుగేళ్ళు బావ ఆ కారును ఆనందంగా నడిపాడు. ఆయన జీవితంలో ఆయనకు నిజంగా బాగా చేతనైనవి రెండే, ఒకటి అద్దాలు అరగదీయడం, రెండు ఆ కారును మలుపు తిప్పడం.

తర్వాత రన్‌వేకి మందుల షాపాయన రావడం మొదలుపెట్టాడు. భారీ మనిషి, నవ్వు మొహం. షోరూములోంచి అప్పుడే తెచ్చిన టర్బో కారు. గేర్లు కూడా వాటంతటవే పడతాయి. వెనక సీట్లో మందుల అట్టపెట్టెలు అలాగే ఉండగా, ఒక చేత్తో నడుపుతూ, నిటారు దారిలో బావను దాటేసి వెళ్ళిపోయాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఆగాక కిటికీ దించి, "మీ కారు పాట మాత్రం అద్భుతం సార్. పరుగే లేదు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మందులాయన కూడా అందరితోపాటే నవ్వాడు. అందులో విషమేమీ లేదు.

కాని బావకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మరుసటి వారమే షెడ్డుకు వచ్చాడు.

"మనదానికి కూడా టర్బో పెట్టరా."

"పెట్టను."

"ఏం, పట్టదా?"

"పడుతుంది. పెట్టకూడదు. ఇది తన ఊపిరి తను పీల్చుకునే ఇంజన్ బావా. నీ చేత్తో నువ్వు అరగదీసి ఇచ్చిన దారులవి. నువ్వు నొక్కగానే పలుకుతుంది. టర్బో పెడితే ముందు పొగ పుట్టాలి, ఆ పొగకి పంకా తిరగాలి, అప్పుడు గాలి రావాలి. ఈలోపల నువ్వడిగిన మాట పాతబడిపోతుంది."

"మందులాయన కారుకేం రోగం?"

"దాన్ని పుట్టుకతోనే అలా కట్టారు. వందమంది ఇంజనీర్లు కూర్చుని ఆ ఆలస్యాన్ని మాయం చేశారు. నేనొక్కణ్ణి, ఈ రొట్టెల బట్టీలో చెయ్యగలిగింది కాదది."

ఏడాదిపాటు బావ అడుగుతూనే ఉన్నాడు, నిదానం కాదంటూనే ఉన్నాడు. మెల్లగా బావ రన్‌వేకి వెళ్ళడం తగ్గించాడు. ఆదివారాలు మంచంమీదే పడుకుని పైకప్పువంక చూసేవాడు. కారుమీద దుమ్ము పేరుకుంది.

ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి, యూనిఫాంతోనే అక్క షెడ్డుకు వచ్చింది. తిరగేసిన బకెట్టుమీద కూర్చుంది.

"చేసిపెట్టరా తమ్ముడూ."

"నీకు తెలీదక్కా."

"నాకు కారు సంగతి తెలీదు, నిజమే. నా బస్సుకీ టర్బో ఉంది, రోజూ అరవై మందిని ఎక్కించుకుని తిరుగుతున్నా, నాకేం కాలేదు. కానీ మా ఇంట్లో మనిషి సంగతి తెలుసు. నేనేం వండినా తింటాడు, ఏం చెప్పినా సరేనంటాడు, మనిషి మాత్రం అక్కడ లేడు. ఆయనకి ఉన్నదదొక్కటే సరదారా. నా మాటగా చెయ్యి. ఇంకోసారి అడగను."

అక్క అతన్ని ఎప్పుడూ ఏదీ అడగలేదు. నిదానం చేతులు తుడుచుకుని, "సరే" అన్నాడు.

చిన్న టర్బో, పెద్ద టర్బో అని రెండు దారులున్నాయి. చిన్నది త్వరగా అందుకుంటుంది గాని బలం తక్కువ. పెద్దది కాసేపు నిద్రపోయి, లేస్తే ఒక్కసారిగా లేస్తుంది. బావ పెద్దదే కావాలన్నాడు. మూడు నెలల పని అది. నిదానం పిస్టన్లు మార్చాడు. బావ నునుపు పట్టిన ఇత్తడి రంగు గొట్టాలు విప్పి, గుడ్డలో చుట్టి అటకమీద పెట్టాడు. ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటరును కొత్తగా అమర్చాడు. కాలు ఎంత నొక్కారు, గాలి ఎంత ఒత్తిడితో వచ్చింది, ఏ చక్రం ఎంత వేగంగా తిరిగింది అన్నది క్షణక్షణం అందులో నమోదవుతుంది.

కారు ఇచ్చిన రోజు ఇద్దరూ రన్‌వేమీద నిటారుగా పదిసార్లు వెళ్ళివచ్చారు. బావ పసిపిల్లాడిలా కేకలు పెట్టాడు. పాత గొంతు పోయింది. దాని చోట ఈలలాంటి సన్నని శబ్దం, దాని వెంట వీపు సీటుకు అతుక్కుపోయే తోపు. ఆ తోపు రావడానికి ముందు మాత్రం ఒక ఖాళీ. కాలు నొక్కితే ఏమీ జరగని ఖాళీ.

"పాత లెక్క ఇప్పుడు పనికిరాదు బావా. మలుపు పూర్తిగా దాటి, కారు నిటారుగా అయ్యాకే నొక్కు. వచ్చే ఆదివారం కోన్లు పెట్టి నేర్పిస్తా."

"సరే సరే" అన్నాడు బావ, ఇంకా నవ్వుతూనే.

ఆ ఆదివారం నిదానానికి వేరే కారు ఒకటి అప్పగించాల్సి వచ్చింది. "ఒక్క వారం ఆగు బావా" అని ఫోన్‌లో చెప్పాడు. "దానికేముందిరా, ఇదేమైనా పారిపోతుందా?" అన్నాడు బావ.

బుధవారం పొద్దున షాపు తెరవడానికి ఇంకా రెండు గంటలుంది. బావ టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, కారు తీసుకుని కొండ రోడ్డు ఎక్కాడు. ఎనిమిదేళ్ళుగా ఆయన వందలసార్లు ఎక్కిన రోడ్డది. నాలుగో మలుపు దగ్గర చెట్ల నీడకు తారు ఇంకా తడిగానే ఉంది. కారు వెనక్కి తిరిగి, గట్టు దాటి, కిందనున్న రాళ్ళమీద పడింది. పాలవ్యాను నడిపేవాడు చూసి ఫోన్ చేశాడు.

ప్రాణం దక్కింది. నడుము కిందనుంచి శరీరం మాత్రం ఆయనది కాకుండా పోయింది.

వాహనాల తనిఖీ అధికారి వచ్చి కారును చూశాడు. బ్రేకులు బాగున్నాయి, టైర్లు బాగున్నాయి, స్టీరింగు బాగుంది. కాగితంమీద "డ్రైవరు పొరపాటు" అని రాసి సంతకం పెట్టాడు. నుజ్జయిన కారును లారీమీద వేసుకుని షెడ్డుకు తెచ్చారు. ఇంజన్ దిమ్మె నిలువునా పగిలిపోయింది. కంప్యూటరు మాత్రం బతికి ఉంది.

నిదానం దాన్ని తన లాప్‌టాప్‌కు కలిపి, చివరి పది సెకన్లు చూశాడు. మళ్ళీ చూశాడు. వేగం ఎక్కువ లేదు. బావ మలుపుకు ముందే బ్రేకు వేశాడు, ఎంత వెయ్యాలో అంతే. మలుపులోకి దిగాక కాలెత్తలేదు. ముప్పై శాతం, ముప్పై రెండు, ముప్పై ఐదు. పెడల్ గీత మెట్లు లేని ఏటవాలులా, అందంగా పైకి వెళ్ళింది. ఎనిమిదేళ్ళ క్రితం నిదానం చెప్పింది చెప్పినట్టే. దాని వెంటే పైకి రావాల్సిన గాలి ఒత్తిడి గీత ముందు నేలమీదే పడి ఉంది. అర సెకను, ముప్పావు సెకను. ఆ తర్వాత గోడలా లేచింది. వెనక చక్రాలు ముందు చక్రాలను వదిలేసి తిరిగాయి. అంతే, అక్కడితో అయిపోయింది.

కొత్త మాట బావ తలకు చెప్పాను, కాలికి చెప్పలేదు అనుకున్నాడు నిదానం. లాప్‌టాప్ మూసేసి, షెడ్డు మెట్లమీద కూర్చున్నాడు. పక్క దుకాణాలవాళ్ళు పలకరిస్తే తల ఊపాడు గాని ఎవరేం అడిగారో అతనికి వినపడలేదు.

అక్కకు ఆస్పత్రి వరండాలో చెప్పాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి, మొత్తం విన్నది.

"అంటే ఆయన తప్పు లేదు."

"లేదు."

"నువ్వు ఏడాది కాదన్నావు. నేనొచ్చి అడిగాను."

"చేసింది నేనక్కా."

"ఆయనకి చెప్పకు." ఆమె గొంతు తగ్గించింది. "ఆయనకి ఆ పొద్దున టీ తాగినంతవరకే గుర్తుందట. తర్వాత గుర్తున్నది ఆస్పత్రి పైకప్పేనట. అలాగే ఉండనీ. తన పొరపాటే అనుకుంటే కనీసం మనమీద కోపం ఉండదు. ఇకనుంచి మనమే కదరా ఆయన్ని ఎత్తి పడుకోబెట్టాల్సింది, కూర్చోబెట్టాల్సింది. ఆయన మన మొహాలు చూడలేకపోతే ఎలా బతుకుతాడు?"

నిదానానికి అది సబబుగానే తోచింది.

వాళ్ళ ఇల్లు రెండో అంతస్తులో ఉండేది, లిఫ్టు లేదు. అందుకని షాపు వెనక అద్దాలు అరగదీసే గదిలోకి మారారు. అరగదీసే మిషన్ను గోడ వారకు జరిపి మంచం వేశారు. అక్క బస్సు మానేసి, డిపోలో పాసులు రాసే సగంపూట పనికి మారింది. మిగతా పూట షాపులో కూర్చునేది. కళ్ళు పరీక్షించడం ఆమెకు రాదు. ఫ్రేములు మాత్రం అమ్మేది. లోపలినుంచి బావ గొంతెత్తి నంబర్లు చెప్పేవాడు.

నిదానం రోజూ సాయంత్రం అయిదింటికి వెళ్ళేవాడు. ఇద్దరూ కలిసి బావను కుర్చీలోకి ఎత్తేవారు. మొదటి వారమే ఆయన అడిగాడు.

"నేను కాలెత్తానేమో కదరా?"

నిదానం కుర్చీ బ్రేకు సరిచేస్తున్నట్టు వంగాడు.

"ఎత్తే ఉంటాను. తడి చూసి భయపడి ఉంటాను. నువ్వెన్నిసార్లు చెప్పావు! మలుపులో కాలెత్తకు, కాలెత్తకు అని చెవిలో పోరు పెట్టావు. ఎనిమిదేళ్ళు నేర్చుకుని, చివరికి ఒక్కసారి భయపడి అంతా పాడుచేశాను. నీ మూణ్ణెల్ల కష్టం కూడా బూడిదలో పోశాను. నన్ను క్షమించరా."

"ఊరుకో బావా. ఎవరికి తెలుసు ఏం జరిగిందో."

"నాకు తెలుసు."

అది రోజూ ఉండేది. షాపుకు వచ్చినవాళ్ళు పరామర్శిస్తే, "నా చేతకానితనమేనండీ" అని లోపలినుంచే చెప్పేవాడు. కాళ్ళకు కసరత్తు చేయించడానికి వచ్చే నర్సును మూడో వారానికి మాన్పించేశాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత, దీనికి వైద్యం ఎందుకు అన్నాడు. రన్‌వే మిత్రులకు ఉత్తరం రాసి, నిదానం చేతికే ఇచ్చి వాళ్ళకు చదివి వినిపించమన్నాడు. మలుపులో భయపడకూడదని, గురువు మాట మరిచిపోకూడదని, తనను చూసి బుద్ధి తెచ్చుకోమని అందులో ఉంది. గురువు అన్న మాట దగ్గర నిదానం ఆగిపోయాడు. ఆ ఉత్తరం అతని చొక్కా జేబులోనే ఉండిపోయి, ఉతుకులో ముద్దయింది.

నాలుగు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం నిదానం వెళ్ళేసరికి బావ భోజనం పళ్ళెం తోసేసి ఉన్నాడు. రెండు రోజులుగా తినడం లేదని అక్క గుమ్మంలోనే చెప్పింది. బావ గోడవైపు తిరిగి, "ఒక్క అడుగు సరిగ్గా వెయ్యలేనివాడికి మీరిద్దరూ జీవితాలు ధారపోస్తున్నారు. సిగ్గేస్తోందిరా" అన్నాడు.

నిదానం ఇక తట్టుకోలేకపోయాడు.

"నువ్వు కాలెత్తలేదు బావా."

బావ మెల్లగా ఇటు తిరిగాడు.

"కారులోని కంప్యూటర్లో అంతా ఉంది. నేను చూశాను. నువ్వు కాలెత్తలేదు. నేను నేర్పినట్టే, వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా నడిపావు."

"చూపించు."

లాప్‌టాప్ సంచిలోనే ఉంది. నాలుగు నెలలుగా అది అతని భుజానే ఉంది. నిదానం దాన్ని బావ దుప్పటిమీద తెరిచాడు. బావ కళ్ళజోడు పెట్టుకుని, గీతల్ని ఒక్కొక్కటిగా, ఎవరి కళ్ళ చీటీనో చదువుతున్నట్టు చదివాడు. పెడల్ గీతమీద వేలు పెట్టి మొదటినుంచి చివరిదాకా నడిపించాడు. ఒక్క క్షణం ఆయన మొహం వెలిగింది.

"ఎంత బాగా నొక్కానురా" అన్నాడు.

"చాలా బాగా నొక్కావు బావా."

తర్వాత ఆ వేలు కింది గీతమీదికి దిగింది. నేలమీద పడి ఉన్న గీత, తర్వాత గోడ. అక్కడ చాలాసేపు ఆగింది.

"ఇది టర్బో."

"అవును."

"మలుపు దాటాకే నొక్కమని చెప్పావు కదూ."

"చెప్పాను."

"ఒక్కసారి చెప్పావు. ఎనిమిదేళ్ళు ఇంకోటి చెప్పావు." ఆ గొంతులో కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టుంది. "నువ్వు పెట్టనన్నావుగా. ఏడాది పొడుగునా వద్దన్నావు. మరి ఎందుకు ఒప్పుకున్నావు?"

గుమ్మంలోంచి అక్క అంది:

"నేనడిగాను."

బావ ఆమె వంక చూశాడు, అతని వంక చూశాడు. లాప్‌టాప్ మూత దించాడు.

"అడిగావు. ప్రేమతోనే అడిగి ఉంటావు. వీడూ ప్రేమతోనే చేశాడు. నేనే కదా కావాలన్నది, దానికి నేనేమీ అనను." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "కానీ నాలుగు నెలలు. రోజూ నేను వీడికి క్షమాపణ చెప్పుకున్నాను. రోజూ. మీరిద్దరూ వింటూ నిలబడ్డారు."

"మీరు మామీద..." అని అక్క మొదలుపెట్టింది.

"నా పక్క తడిసింది. మార్చాలి. వాణ్ణి వెళ్ళమను."

"నేను పట్టుకుంటాను బావా, అక్క ఒక్కతే ఎత్తలేదు."

"వెళ్ళమను."

నిదానం వెళ్ళాడు. షాపులో ఫ్రేముల వరస ముందు నిలబడి, లోపల అక్క ఒంటరిగా ఆయన్ని అటూ ఇటూ దొర్లిస్తూ ఆయాసపడడం విన్నాడు. సాయం చెయ్యడానికి రెండడుగులు వేసి, ఆగి, బయటికి నడిచాడు.

బావ ఆ తర్వాత తిండి మానలేదు. కసరత్తు నర్సును మళ్ళీ రమ్మన్నాడు కూడా. కాని భార్యతో మాటలు కట్టుబడిపోయాయి. నీళ్ళు, మందు, కిటికీ. అవసరమైనంత, అంతకు మించి ఒక్క ముక్క లేదు. ఆమె మాటకారి మనిషి. ముప్పై ఏళ్ళు రోడ్డుమీద అరిచి నెగ్గుకొచ్చింది. ఆ గదిలో మాత్రం చెప్పులు కూడా చప్పుడు కాకుండా నడవడం నేర్చుకుంది. "తిట్టినా బాగుండేదిరా. తిట్టడం లేదు. థాంక్స్ చెప్తున్నారు. దిండు సర్దితే థాంక్స్ అంటున్నారు" అని ఒకసారి ఫోన్‌లో ఏడ్చింది. ఆయన్ని ఎత్తడానికి సాయం కోసం ఆస్పత్రి ఆయాను కుదుర్చుకున్నారు. నిదానం రావద్దని బావ నోటితో అనలేదు. అతను వస్తే మాత్రం నిద్ర నటించేవాడు. మూడుసార్లు అలా అయ్యాక నిదానం వెళ్ళడం మానేశాడు.

మందుల షాపాయన ఒకరోజు షెడ్డుకు వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, "నేను ఊరికే సరదాకి అన్నానండీ ఆ మాట. అందరం నవ్వుకున్నాం కదా" అన్నాడు. ఆయన పెద్ద మొహం చెమటతో తడిసిపోయింది. నిదానం కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆయన కూర్చోలేదు. ఆయన కారు ఆ తర్వాత రన్‌వేమీద ఎవరికీ కనిపించలేదు.

నిదానం పగిలిన ఇంజన్‌ను తుక్కుకు వేశాడు. కొత్త పనులేవీ ఒప్పుకోలేదు. ఉన్న రెండు కార్లు పూర్తిచేసి ఇచ్చేశాక, లిఫ్టులు, పెద్ద టూల్సు అమ్మేసి, ఊళ్ళోవాళ్ళ మామూలు కార్లకు ఆయిలు మార్చడం, బ్రేకు ప్యాడ్లు వెయ్యడం మొదలుపెట్టాడు. ఆ పనిలో అతనికి ఎవరూ ఏదీ నేర్పమనరు. ఎవరికీ నడపడం గురించి ఒక్క సలహా కూడా ఇవ్వడు. బ్రేకులు వేశాక తనే రెండు వీధులు తిప్పి చూసుకుని, తాళం చేతికిచ్చి, తల దించుకుంటాడు.

చలికాలం మధ్యలో ఒక మధ్యాహ్నం అక్క వచ్చింది. చక్రాల కుర్చీని మడిచి, చంకలో ఇరికించుకుని, రెండు బస్సులు మారి తెచ్చింది. బాగా చిక్కిపోయింది. జుట్టుకు రంగు వేసుకోవడం మానేసింది.

"ముందు చక్రం ఒకటి తిరగడం లేదు. పక్కకి లాగేస్తోంది" అంది.

నిదానం కుర్చీని బల్లమీద తిరగేశాడు. చక్రం ఇరుసు చుట్టూ జుట్టు, దారప్పోగులు చుట్టుకుని తాడులా బిగుసుకున్నాయి. బ్లేడుతో కోసి, పటకారుతో ఒక్కో పోగూ లాగాడు. బేరింగులు విప్పి, కిరసనాయిల్లో కడిగి, గుడ్డతో తుడిచి, గ్రీజు పెట్టాడు. అక్క కిటికీలోంచి రోడ్డు చూస్తూ నిలబడింది.

"బావ ఎలా ఉన్నాడు?"

"ఉన్నారు. మళ్ళీ అద్దాలు అరగదీస్తున్నారు. మిషన్ మంచం దగ్గరికి జరిపించుకున్నారు."

"నా గురించి..."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఈ కుర్చీ వేరేచోట బాగుచేయించమన్నారు. నీ దగ్గరికి తెచ్చానని తెలీదు. చెప్పను కూడా" అంది.

నిదానం చక్రం బిగించి, వేలితో తిప్పాడు. అది చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది. రెండో చక్రం బాగానే ఉన్నా, దాన్నీ విప్పి శుభ్రం చేశాడు. వెనక చక్రాలకు గాలి చూశాడు. చేతులు పెట్టుకునే చోట చిరిగిన రెక్సిన్‌కు అతుకు వేశాడు. ఇంక చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

"స్టాపుదాకా నేను మోస్తా అక్కా."

"వద్దులే. ఆయన మంచంమీద కాచుకుని ఉంటారు, తొందరగా పోవాలి."

ఆమె కుర్చీని మడవకుండా, ఖాళీ కుర్చీనే తోసుకుంటూ పేవ్‌మెంటుమీద వెళ్ళింది. ఎక్కడా పక్కకు లాగలేదు. నిదానం గుమ్మంలో నిలబడి అది చూశాడు. బస్సు వచ్చింది, ఎవరో దిగి ఆమెకు కుర్చీ ఎక్కించడంలో సాయపడ్డారు, తలుపు మూసుకుంది. అతను లోపలికి వెళ్ళి, బల్లమీద మిగిలిన వెంట్రుకల ముద్దను చెత్తలో వెయ్యబోయి, అందులో నెరిసినవి అక్కవే అయి ఉంటాయని గుర్తుపట్టి, దాన్ని పట్టుకునే అలాగే నిలబడిపోయాడు.